రాజధానులు చిక్కినా దేశం చిక్కలేదు: ఐబీరియా ద్వీపకల్ప యుద్ధం

ఐరోపా ఖండానికి నైరుతి కొసన, పిరనీస్ పర్వతాలకు ఆవల ఉన్న నేలను ఐబీరియా ద్వీపకల్పం అంటారు. స్పెయిన్, పోర్చుగల్ దేశాలు అక్కడివే. 1807 నుంచి 1814 వరకు ఈ నేల మీద నెపోలియన్ బోనపార్ట్ పంపిన ఫ్రెంచి సైన్యాలకూ, బ్రిటన్, పోర్చుగల్, స్పెయిన్ దేశాల మిత్రసేనలకూ మధ్య జరిగిన పోరే ద్వీపకల్ప యుద్ధం. స్పెయిన్ ప్రజలు దీన్ని తమ స్వాతంత్ర్య యుద్ధం అంటారు. పోర్చుగల్ వారు ఫ్రెంచి దండయాత్రలుగా గుర్తుంచుకుంటారు.

1805లో ఆస్టర్లిట్జ్ దగ్గర ఆస్ట్రియా, రష్యా సేనలనూ, 1806లో యేనా దగ్గర ప్రష్యా సేననూ ఒక్కొక్క రోజు పోరులోనే చిత్తు చేసిన సైన్యం ఫ్రాన్స్‌ది. రాజు ఓడితే రాజధాని చిక్కుతుంది, రాజధాని చిక్కితే దేశం లొంగుతుంది అన్నది అప్పటివరకు నెపోలియన్‌కు అనుభవంలో ఉన్న లెక్క. ఐబీరియాలో ఆ లెక్క తప్పింది. లిస్బన్, మాడ్రిడ్ రెండూ అతనికి చిక్కాయి. స్పెయిన్ రాజులూ చిక్కారు. దేశం మాత్రం చిక్కలేదు.

రేవులు మూయబోయి

ఈ యుద్ధానికి బీజం వ్యాపారంలో పడింది. 1805లో ట్రఫాల్గర్ దగ్గర ఫ్రెంచి, స్పానిష్ నౌకాదళాలు ఓడిపోయాక బ్రిటన్ మీదికి దండెత్తే దారి నెపోలియన్‌కు మూసుకుపోయింది. సముద్రంలో గెలవలేని శత్రువును వ్యాపారంలో దెబ్బతీయాలని అతను తలచాడు. ఐరోపాలోని ఏ రేవులోనూ బ్రిటిష్ సరుకు దిగరాదని 1806 నవంబరులో బెర్లిన్ నుంచి ఆజ్ఞ జారీ చేశాడు.

పోర్చుగల్ ఈ ఆజ్ఞను పూర్తిగా పాటించలేకపోయింది. ఇంగ్లండ్‌తో దాని స్నేహం పద్నాలుగో శతాబ్దం నాటిది. దాని వర్తకమంతా సముద్రం మీదే, ఆ సముద్రం బ్రిటన్ చేతుల్లో ఉంది. దాంతో 1807 అక్టోబరులో ఫాంటెన్‌బ్లో దగ్గర నెపోలియన్ స్పెయిన్‌తో రహస్య ఒప్పందం చేసుకున్నాడు. పోర్చుగల్‌ను ముక్కలు చేసి పంచుకోవాలన్నది అందులోని మాట. స్పెయిన్ తరఫున వ్యవహారం నడిపిన మంత్రి గోడోయ్‌కు కూడా ఒక ముక్క దక్కాలి.

జనరల్ జూనో సేన స్పెయిన్ మీదుగా వానల్లో, బురదలో నడిచి 1807 నవంబరు 30న లిస్బన్ చేరింది. అప్పటికి అతని వెంట నిలిచినవారు అలసి సొలసిన కొద్ది మంది సైనికులే. ముందురోజే పోర్చుగల్ యువరాజు జువావ్, రాజకుటుంబం, వేలాది ఉద్యోగులు, ఖజానాతో సహా బ్రిటిష్ ఓడల రక్షణలో బ్రెజిల్‌కు తరలిపోయారు. ఐరోపా రాజ్యమొకటి తన రాజధానిని సముద్రం దాటించి వలస దేశంలో పెట్టుకోవడం అపూర్వం. నగరం జూనో చేతికి వచ్చింది కాని, సంధి మీద సంతకం చేయాల్సిన రాజు అక్కడ లేడు.

సింహాసనం చేతులు మారిన వేళ

పోర్చుగల్‌కు దారి అన్న పేరుతో ఫ్రెంచి పటాలాలు స్పెయిన్‌లోకి వస్తూనే ఉన్నాయి. మిత్రులుగా వచ్చినవారు పాంప్లోనా, బార్సిలోనా కోటలను మాయోపాయంతో పట్టుకున్నారు. 1808 మార్చిలో అరాన్హువేజ్ పట్టణంలో తిరుగుబాటు రేగి గోడోయ్ పదవి పోయింది. రాజు నాలుగో కార్లోస్ గద్దె దిగి కొడుకు ఫెర్నాండోకు దారి ఇచ్చాడు. తండ్రీకొడుకుల తగవు తీర్చే పెద్దమనిషిగా నెపోలియన్ ఇద్దరినీ ఫ్రాన్స్ సరిహద్దులోని బయోన్‌కు రప్పించాడు. అక్కడ ఇద్దరి చేతా హక్కులు వదులుకున్నట్టు రాయించుకుని, స్పెయిన్ కిరీటాన్ని తన అన్న జోసెఫ్ బోనపార్ట్ నెత్తిన పెట్టాడు.

ఆ తతంగం ముగియకముందే మాడ్రిడ్ మండింది. 1808 మే 2న రాజకుటుంబంలోని చిన్న రాకుమారుణ్ణి కూడా బండి ఎక్కించి ఫ్రాన్స్‌కు తీసుకుపోతున్నారని తెలిసి జనం రాజభవనం ముందు గుమికూడారు. ఫ్రెంచి సైనికులు కాల్పులు జరిపారు. కాసేపటికి నగరమంతా వీధిపోరు మొదలైంది. కత్తులు, కర్రలు, ఇంటి పనిముట్లు పట్టుకుని సామాన్యులు గుర్రపు దళాలకు ఎదురు నిలిచారు. స్పానిష్ సైన్యంలో ఎక్కువ భాగం బారకులు దాటలేదు. మార్షల్ మురా సాయంత్రానికి నగరాన్ని అణచివేసి, ఆ రాత్రీ మరునాటి తెల్లవారుజామునా పట్టుబడినవారిని వరసగా నిలబెట్టి కాల్పించాడు. చిత్రకారుడు ఫ్రాన్సిస్కో గోయా 1814లో ఈ రెండు దినాలను రెండు పెద్ద చిత్రాలుగా గీశాడు. తెల్ల చొక్కాతో చేతులు చాచి నిలబడిన మనిషి, ఎదురుగా ముఖాలు కనిపించని తుపాకుల వరుస ఉన్న రెండో చిత్రం ప్రపంచమంతటా ప్రసిద్ధి. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో అవి ఇప్పటికీ ఉన్నాయి.

మాడ్రిడ్ వార్త ఊరూరా పాకింది. రాజు బందీ, రాజధాని పరాయి చేతిలో ఉండగా రాష్ట్రాలు ఎవరికి వారే జుంటాలనే పాలకసంఘాలు ఏర్పరచుకుని యుద్ధం ప్రకటించాయి. ఉత్తర తీరంలోని అస్తూరియాస్ రాష్ట్రం నేరుగా లండన్‌కు దూతలను పంపింది. అప్పటిదాకా శత్రువులైన స్పెయిన్, బ్రిటన్ అలా ఒక్క పక్షానికి వచ్చాయి.

బైలెన్, సరగోసా

మొదటి పెద్ద దెబ్బ స్పెయిన్ సొంత సైన్యమే కొట్టింది. దక్షిణాన అండలూసియాకు వెళ్లిన జనరల్ ద్యుపోన్ సేనను 1808 జూలై 19న బైలెన్ దగ్గర జనరల్ కాస్తాన్యోస్ సేనలు నిలువరించాయి. మండుటెండలో తాగడానికి నీళ్లు దొరకక, ముందుకూ వెనక్కూ దారి లేక ద్యుపోన్ లొంగిపోయాడు. దాదాపు 18 వేల మంది ఫ్రెంచి సైనికులు ఆయుధాలు దించారు. నెపోలియన్ సైన్యానికి ఓటమి లేదన్న నమ్మకం ఆ రోజుతో సడలింది. మాడ్రిడ్ చేరి పట్టుమని పది రోజులు దాటిందో లేదో, జోసెఫ్ రాజు నగరం విడిచి ఉత్తరానికి వెనుదిరిగాడు. లొంగినవారిని ఫ్రాన్స్‌కు పంపుతామన్న మాట స్పెయిన్ నిలుపుకోలేదు. వారిలో చాలామంది కాబ్రేరా అనే బీడు దీవిలో ఆకలితో, రోగాలతో మరణించారు.

ఎబ్రో నది ఒడ్డున ఉన్న సరగోసాకు చెప్పుకోదగ్గ కోట లేదు. అయినా 1808 వేసవిలో మొదటి ముట్టడిని ఆ నగరం తిప్పికొట్టింది. ఫిరంగి దగ్గరి సైనికులంతా నేలకొరిగితే అగుస్తీనా అనే యువతి ముందుకొచ్చి ఫిరంగి అంటించిన సంఘటన అప్పటిదే. డిసెంబరులో ఫ్రెంచివారు మళ్లీ వచ్చారు. గోడలు కూలాక కూడా పోరు ఆగలేదు. ప్రతి ఇంటికీ, ప్రతి మఠానికీ, ప్రతి అంతస్తుకూ విడివిడిగా యుద్ధం జరిగింది. లోపల టైఫస్ జ్వరం తుపాకుల కంటే ఎక్కువమందిని పొట్టనపెట్టుకుంది. 1809 ఫిబ్రవరి 20న నగరం లొంగేనాటికి సుమారు 50 వేల మంది మరణించి ఉంటారని అంచనా.

బ్రిటిష్ సేన దిగింది

1808 ఆగస్టు 1న పోర్చుగల్‌లోని మొండేగో నది ముఖద్వారం దగ్గర బ్రిటిష్ దళాలు దిగడం మొదలైంది. వాటిని నడిపినవాడు ఆర్థర్ వెల్లెస్లీ. తెలుగు పాఠకులకు ఇతను పూర్తిగా కొత్తవాడు కాడు. 1799లో టిప్పు సుల్తాన్ మీది యుద్ధంలో హైదరాబాదు నిజాం పంపిన సేనతో కలిసి శ్రీరంగపట్నానికి నడిచినవాడు, 1803లో అస్సాయే దగ్గర మరాఠా సేనలను ఓడించినవాడు అతనే. అస్సాయేలో అతని కింద పోరాడినవారిలో ఎక్కువమంది మద్రాసు సైన్యపు సిపాయిలు. తెలుగువారు కూడా కొలువు చేసిన సైన్యం అది.

వెల్లెస్లీ ఆగస్టు 17న రోలిసాలో, 21న విమేరోలో జూనో సేనను ఓడించాడు. అయితే అతని కంటే పై అధికారులు వచ్చి సింట్రా ఒప్పందం కుదుర్చుకున్నారు. దాని ప్రకారం జూనో సేన ఆయుధాలతో, దోచుకున్న సొత్తుతో సహా బ్రిటిష్ ఓడల్లోనే ఫ్రాన్స్ చేరింది. లండన్‌లో నిరసన పెల్లుబికి విచారణ జరిగింది. విచారణ తర్వాత మళ్లీ యుద్ధరంగానికి వచ్చినవాడు వెల్లెస్లీ ఒక్కడే.

1808 నవంబరులో నెపోలియన్ స్వయంగా రెండు లక్షలకు పైగా సైన్యంతో వచ్చాడు. స్పానిష్ సేనలను ఒకదాని తర్వాత ఒకటిగా చెదరగొట్టి డిసెంబరు 4న మాడ్రిడ్‌ను తిరిగి పట్టుకున్నాడు. మత విచారణ న్యాయస్థానాలను రద్దు చేస్తున్నట్టు, జమీందారీ హక్కులను తీసివేస్తున్నట్టు ప్రకటించాడు. ఆ సంస్కరణలు కోరుకున్నవారు స్పెయిన్‌లో లేకపోలేదు. కాని పరాయి తుపాకీ కొనకు గుచ్చి ఇచ్చిన కానుకను చాలామంది అందుకోలేదు.

ఆ సమయంలో బ్రిటిష్ సేనాని జాన్ మూర్ ఉత్తరాన ఫ్రెంచి రాకపోకల దారి మీదికి నడిచి నెపోలియన్ దృష్టిని తనవైపు మళ్లించాడు. తర్వాత మంచు కొండల్లో వందల కిలోమీటర్లు వెనక్కి నడిచి కొరూన్యా రేవు చేరాడు. దారిలో వేలమంది చలికి, ఆకలికి పడిపోయారు. 1809 జనవరి 16న రేవు దగ్గర జరిగిన పోరులో మూర్ చనిపోయాడు, అతని సేన ఓడలెక్కింది. అప్పటికే ఆస్ట్రియా కదలికల కబురు విని నెపోలియన్ ఫ్రాన్స్‌కు తిరుగుముఖం పట్టాడు. మిగిలిన పని మార్షళ్లు చూసుకుంటారనుకున్నాడు. అతను మళ్లీ స్పెయిన్‌లో అడుగుపెట్టలేదు.

డోరో నది, తలవేరా

1809 మార్చి 29న మార్షల్ సూల్ట్ ఉత్తర పోర్చుగల్‌లోని పోర్టో నగరాన్ని పట్టుకున్నాడు. ప్రాణభయంతో డోరో నది మీది పడవల వంతెన దాటబోయిన జనం వంతెన తెగి నదిలో పడిపోయారు. ఆ విషాదానికి గుర్తుగా నది గట్టున అమర్చిన కంచు ఫలకం ముందు పోర్టోవాసులు నేటికీ దీపాలు వెలిగిస్తారు.

ఏప్రిల్‌లో వెల్లెస్లీ మళ్లీ లిస్బన్‌లో దిగాడు. మే 12న పట్టపగలే అతని సేన డోరోను దాటింది. ఫ్రెంచివారు పడవలన్నీ ఆవలి ఒడ్డుకు లాగేసుకున్నామనుకున్నారు. ద్రాక్షసారా పీపాలు మోసే పెద్ద పడవలు కొన్ని కాపలా లేకుండా ఉన్నాయని ఒక స్థానిక క్షురకుడు కబురు చెప్పాడు. ఆ పడవల్లో కొద్దికొద్దిగా దాటిన సైనికులు ఆవలి గట్టు మీది పెద్ద భవనాన్ని పట్టుకుని నిలిచారు. సూల్ట్ ఫిరంగులు, సామాను వదిలేసి కొండదారుల్లో పారిపోయాడు.

జూలై 27, 28 తేదీల్లో మాడ్రిడ్‌కు నైరుతిన తలవేరా దగ్గర బ్రిటిష్, స్పానిష్ సేనలు కలిసి ఫ్రెంచివారిని ఎదుర్కొన్నాయి. గెలుపు దక్కింది కాని, బ్రిటిష్ వారు 5 వేలకు పైగా నష్టపోయారు. ఇస్తామన్న తిండి, బళ్లు స్పెయిన్ నుంచి అందలేదని వెల్లెస్లీ, ఒంటరిగా వదిలిపోతున్నాడని స్పానిష్ సేనాని క్వెస్టా ఒకరినొకరు తప్పుపట్టారు. మిత్రుల మధ్య ఆ పగుళ్లు పూడడానికి ఏళ్లు పట్టింది. వెల్లెస్లీకి మాత్రం ఈ యుద్ధంతో వెల్లింగ్టన్ ప్రభువు అన్న బిరుదు వచ్చింది. చరిత్రలో అతనికి నిలిచిన పేరు అదే.

పెట్టని కోటకు పెట్టిన బురుజులు

1809 నవంబరులో ఒకాన్యా దగ్గర స్పెయిన్ ప్రధాన సైన్యం ఘోరంగా ఓడింది. మరుసటి ఏడాది ఆరంభంలో అండలూసియా దాదాపు అంతా ఫ్రెంచివారి వశమైంది. అప్పుడు నెపోలియన్ తన అనుభవజ్ఞుడైన మార్షల్ మస్సేనాకు సుమారు 65 వేల సైన్యమిచ్చి, బ్రిటిష్ వారిని సముద్రంలోకి నెట్టమని పోర్చుగల్‌కు పంపాడు.

వెల్లింగ్టన్ ఏడాది ముందే దీన్ని ఊహించాడు. లిస్బన్‌కు ఒకవైపు అట్లాంటిక్ సముద్రం, మరోవైపు తేజో నది ఉన్నాయి. మధ్యలో కొండల వరుసలు పెట్టని కోటలా నిలిచి ఉన్నాయి. 1809 అక్టోబరులో ఆ కొండలను స్వయంగా చూసి, వాటిని రక్షణ శ్రేణులుగా మార్చమని ఇంజినీరు అధికారి రిచర్డ్ ఫ్లెచర్‌ను ఆదేశించాడు. వేలాది పోర్చుగల్ కూలీలు ఏడాది పాటు కొండవాలులను నిలువుగా చెక్కారు. లోయలకు అడ్డుగా చెట్లు కూల్చారు, వాగులకు కట్టలు వేసి పల్లాలు ముంచారు, శిఖరాల మీద ఫిరంగి బురుజులు కట్టారు. కాలక్రమంలో వాటి సంఖ్య 150 దాటింది. ఒక కొండ నుంచి మరో కొండకు నిమిషాల్లో సంకేతాలు పంపే స్తంభాలు నిలిపారు. టోర్రెస్ వెద్రాస్ పట్టణం పేరు మీద వీటిని టోర్రెస్ వెద్రాస్ రేఖలు అంటారు. ఇంత పని జరిగినా ఫ్రెంచివారికి వాటి సంగతి తెలియలేదు.

1810 సెప్టెంబరు 27న బుసాకో కొండ మీద మస్సేనాకు గట్టి దెబ్బ తగిలింది. ఆ పోరులో పోర్చుగీసు సైనికులు బ్రిటిష్ వారితో భుజం కలిపి నిలిచారు. బ్రిటిష్ అధికారి బెరెస్‌ఫర్డ్ ఏడాదిన్నరగా ఇచ్చిన శిక్షణ, పోర్చుగల్ రైతుబిడ్డల దిటవు అక్కడ ఫలించాయి. అప్పటి నుంచి యుద్ధం ముగిసేదాకా వెల్లింగ్టన్ సేనలో మూడోవంతుకు అటూఇటూగా పోర్చుగీసువారే.

అక్టోబరులో రేఖల ముందుకొచ్చిన మస్సేనా వాటిని చూసి ఆగిపోయాడు. నెల రోజులు ఎదురుగా కాచుకుని, తర్వాత సాంతరేం వైపు జరిగి చలికాలమంతా గడిపాడు. చుట్టుపక్కల గింజ దొరకలేదు. ఎందుకంటే శత్రువుకు ఏమీ మిగలకుండా పంటలు, మరలు, పశువులు, పడవలు తొలగించి లేదా తగలబెట్టి ఊళ్లు వదిలి రమ్మని ప్రజలకు ముందే ఆజ్ఞ వెళ్లింది. 1811 మార్చిలో మస్సేనా వెనుదిరిగేనాటికి దాదాపు 25 వేల మందిని పోగొట్టుకున్నాడు. వారిలో యుద్ధంలో చచ్చినవారు కొందరే, తక్కినవారు ఆకలికి, రోగానికి బలయ్యారు. ఆ గెలుపుకు అసలు ఖరీదు చెల్లించింది పోర్చుగల్ పల్లెలు. ఇల్లూ వాకిలీ వదిలి లిస్బన్ చేరిన రైతు కుటుంబాల్లో పదుల వేలమంది ఆ చలికాలంలో కన్నుమూశారు.

చిన్న యుద్ధం, పెద్ద దెబ్బ

స్పానిష్ భాషలో గెర్రా అంటే యుద్ధం, గెరిల్లా అంటే చిన్న యుద్ధం. ఇవాళ ప్రపంచ భాషలన్నిటిలో కలిసిపోయిన ఆ మాట ఈ యుద్ధంతోనే స్పెయిన్ ఎల్లలు దాటింది. సైన్యాలు ఓడినప్పుడు చెదిరిన సైనికులు, రైతులు, గొర్రెల కాపరులు, దొంగరవాణా చేసేవారు, మఠాలు పోగొట్టుకున్న సన్యాసులు కొండల్లో చిన్న దళాలుగా కూడారు. కాస్టిల్ ప్రాంతంలో ఎల్ ఎంపెసినాడో అన్న పేరుతో ప్రసిద్ధుడైన హువాన్ మార్టిన్ ఒక రైతు. నవార్రాలో వేలమంది దళాన్ని కూడగట్టిన ఎస్పోజ్ మీనా కూడా రైతు కుటుంబంలోనివాడే. మెరీనో చర్చి పూజారి. 1811 మేలో అర్లబాన్ కనుమ దగ్గర మీనా దళం ఫ్రాన్స్‌కు వెళ్తున్న పెద్ద బిడారును పట్టుకుని, బందీలుగా ఉన్నవారిని విడిపించింది.

గెరిల్లాలు ఏ పెద్ద యుద్ధాన్నీ ఒంటరిగా గెలవలేదు. అందరూ దేశభక్తులు కూడా కారు. తమ పల్లెలనే దోచుకున్న ముఠాలున్నాయి. కాని వారి వల్ల ఫ్రెంచి సైన్యానికి సాధారణమైన పని ఏదీ మిగల్లేదు. ఒక్క ఉత్తరం పంపాలంటే వందల గుర్రాల కాపలా కావాలి. ధాన్యం బండికి పటాలం తోడు రావాలి. ప్రతి వంతెనకూ, కనుమకూ, పట్టణానికీ దండు కావాలి. ఒక దశలో ఐబీరియాలో ఫ్రెంచి సైన్యం మూడు లక్షలు దాటినా, వెల్లింగ్టన్ ఎదుట ఒకేచోట నిలపగలిగింది అరవై, డెబ్బై వేలకు మించలేదు. మిగిలినవారంతా దేశాన్ని కాపలా కాస్తూనే ఉండిపోయారు.

గెరిల్లాల బలం, వెల్లింగ్టన్ సేన బలం ఒకదానికొకటి ఆసరాగా నిలిచింది ఇక్కడే. గెరిల్లాల కోసం ఫ్రెంచివారు చెదిరితే వెల్లింగ్టన్ మీద పడేవాడు. వెల్లింగ్టన్ కోసం కూడితే వదిలిన జిల్లాలు గెరిల్లాల చేతికి వెళ్లేవి. గెరిల్లాలు చేజిక్కించుకున్న ఉత్తరాలు మిత్రసేన శిబిరానికి చేరేవి. అంకెలతో రాసిన ఫ్రెంచి రహస్య లిపిని జార్జ్ స్కోవెల్ అనే అధికారి ఓపికగా విప్పాడు. జోసెఫ్ రాజుకూ మార్షళ్లకూ మధ్య పొసగని సంగతులు శత్రు శిబిరంలోనే చదివేవారు.

ఈ చిన్న యుద్ధంలో కరుణకు చోటు లేకపోయింది. పట్టుబడిన సైనికుణ్ణి గెరిల్లాలు చిత్రహింస పెట్టి చంపితే, ఫ్రెంచివారు ఊరినే తగలబెట్టి దొరికినవారిని ఉరితీసేవారు. గోయా ఆ ఘోరాలను యుద్ధ విపత్తులు అన్న పేరుతో రాగిరేకుల మీద చెక్కాడు. అందులో గెలిచిన వీరులు కనిపించరు. శవాలు, ఆకలి, ఏడ్చే తల్లులు, చెట్లకు వేలాడే దేహాలు ఉంటాయి. అతను బతికుండగా అవి అచ్చు కాలేదు. 1863లో, అతను పోయిన 35 ఏళ్లకు వెలుగు చూశాయి.

తిండి గింజల యుద్ధం

ఫ్రెంచి సైన్యం దండెత్తిన దేశం నుంచే తిండి లాక్కునే పద్ధతికి అలవాటు పడింది. సారవంతమైన మధ్య ఐరోపాలో, కొద్ది వారాల యుద్ధంలో అది చెల్లింది. ఎండిన పీఠభూములు, విసిరేసినట్టు దూరదూరంగా ఉండే ఊళ్లు, బండి నడవని దారులు ఉన్న స్పెయిన్‌లో ఆ పద్ధతి బెడిసికొట్టింది. గింజ లాక్కున్న ప్రతి ఇల్లూ గెరిల్లాలకు ఒక మనిషిని ఇచ్చింది.

వెల్లింగ్టన్ దారి వేరు. ఎడ్లబళ్లు, ధాన్యం మోసే బిడారులు లేనిదే సైన్యం అడుగు వేయలేదన్న పాఠం అతను దక్కన్ పీఠభూమి మీద నేర్చుకున్నాడు. ఐబీరియాలో ఓడల్లో వచ్చిన ధాన్యాన్ని లిస్బన్ నుంచి నది పడవల మీద, అక్కడి నుంచి వేలాది కంచరగాడిదల మీద సేన వెంట నడిపించాడు. రైతు దగ్గర తీసుకున్న సరుకుకు సొమ్ము చెల్లించాలని, దోచుకున్న సైనికుణ్ణి శిక్షించాలని పట్టుబట్టాడు. సొమ్ము తరచూ ఆలస్యమయ్యేది, దోపిడీ పూర్తిగా ఆగలేదు. అయినా రెండు సైన్యాల మధ్య తేడాను పల్లెలు గుర్తించాయి.

ముట్టడిలో పుట్టిన రాజ్యాంగం

1810 ఫిబ్రవరి నుంచి రెండున్నరేళ్లు ఫ్రెంచివారు ముట్టడించినా లొంగని చోటు కాడిజ్. సన్నని నేలపట్టీ కొసన సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఆ రేవుకు బ్రిటిష్ నౌకాదళం అండగా నిలిచింది. 1810 సెప్టెంబరులో అక్కడ కోర్టెస్ అనే ప్రతినిధుల సభ కొలువుదీరింది. అమెరికా ఖండంలోని స్పానిష్ వలసల ప్రతినిధులు కూడా అందులో కూర్చున్నారు. 1812 మార్చి 19న ఆ సభ ప్రకటించిన రాజ్యాంగం సార్వభౌమాధికారం రాజుది కాదు, జాతిది అని చెప్పింది. రాజు అధికారానికి హద్దులు గీసింది. తర్వాతి దశాబ్దాల్లో ఐరోపాలోనూ, లాటిన్ అమెరికాలోనూ ఉదారవాదులు ఆ పత్రాన్నే నమూనాగా పట్టుకున్నారు.

పోటు తిరిగిన ఏడాది

1811 అంతా సరిహద్దు పోరాటాలతో గడిచింది. మే 16న అల్బువేరా దగ్గర బెరెస్‌ఫర్డ్ నడిపిన మిత్రసేన సూల్ట్‌ను ఆపింది కాని, నాలుగైదు గంటల్లో ఇరుపక్షాలా వేలమంది నేలకూలారు. 1812లో వెల్లింగ్టన్ స్పెయిన్ వాకిళ్ల వంటి రెండు కోటలను పట్టుకున్నాడు. జనవరి 19న సియుదాద్ రోద్రిగో, ఏప్రిల్ 6 రాత్రి బదహోజ్ పడ్డాయి. బదహోజ్ ముట్టడిలో మిత్రసేన నష్టం 5 వేలకు చేరువైంది. గోడ గండ్ల దగ్గర శవాల గుట్టలు చూసి వెల్లింగ్టన్ కంటతడి పెట్టాడని చెబుతారు. ఆ తర్వాత జరిగింది బ్రిటిష్ సైన్య చరిత్రకే మచ్చ. గెలిచిన సైనికులు సారా తాగి మూడు రోజులు పట్టణాన్ని దోచారు, స్త్రీలను చెరిచారు, నివాసులను చంపారు. విడిపించడానికి వచ్చినవారి చేతుల్లోనే ఆ పట్టణం నలిగిపోయింది.

జూలై 22న సలమాంకా దగ్గర మార్షల్ మార్మోన్ మిత్రసేనను చుట్టుముట్టే తొందరలో తన సేనను పొడుగ్గా సాగదీశాడు. ఆ సందును వెల్లింగ్టన్ కనిపెట్టి ఒక్కుమ్మడిగా దాడి చేయించాడు. మార్మోన్ గాయపడ్డాడు, అతని సేన సుమారు 14 వేల మందిని నష్టపోయింది. ఆగస్టు 12న మిత్రసేన మాడ్రిడ్‌లో అడుగుపెట్టింది. సూల్ట్ కాడిజ్ ముట్టడిని ఎత్తేసి, అండలూసియా విడిచి వెళ్లక తప్పలేదు.

కాని బుర్గోస్ కోట ముందు వెల్లింగ్టన్ అంచనా తప్పింది. పెద్ద ఫిరంగులు చాలక ముట్టడి విఫలమైంది. ఫ్రెంచి సైన్యాలు కూడి మీదికి రాగా మాడ్రిడ్‌ను వదిలి వానల్లో, ఆకలితో పోర్చుగల్ సరిహద్దుకు వెనుదిరిగాడు. ఆ చలికాలంలోనే ఐరోపా మరో కొసన నెపోలియన్ మహాసైన్యం రష్యా మంచులో కరిగిపోయింది. ఐబీరియాకు అదనపు బలగాలు రావడం ఆగి, ఉన్న అనుభవజ్ఞులే జర్మనీకి తరలిపోసాగారు.

విటోరియా నుంచి తులూస్ దాకా

1813 మేలో వెల్లింగ్టన్ చివరిసారిగా పోర్చుగల్ సరిహద్దు దాటాడు. ఉత్తరపు కొండదారుల్లో నడిచి ఫ్రెంచి రక్షణ రేఖలను పదేపదే పక్కనుంచి దాటిపోయాడు. జూన్ 21న విటోరియా లోయలో జోసెఫ్ సైన్యాన్ని సుమారు 80 వేల మిత్రసేన మూడు వైపులా కమ్ముకుంది. గెరిల్లాలను వెంటాడుతూ వేలాది ఫ్రెంచి సైనికులు ఆ రోజు దూరంగా ఉండిపోయారు. సాయంత్రానికి ఫ్రెంచివారు 151 ఫిరంగులను, ఖజానాను, రాజు సామాను బళ్లను వదిలి పాంప్లోనా దారి పట్టారు. దోపిడీలో మునిగిన మిత్రసైనికులు వారిని వెంటాడడం మరిచారు. జోసెఫ్ బండిలో దొరికిన స్పానిష్ రాజవంశపు చిత్రాలను తర్వాత ఫెర్నాండో రాజు వెల్లింగ్టన్‌కే బహూకరించాడు. అవి ఇప్పుడు లండన్‌లోని ఆప్స్‌లీ భవనంలో ఉన్నాయి. ఈ విజయం మీద బీథోవెన్ ఒక సంగీత కృతి కూర్చాడు. మళ్లీ యుద్ధంలో దిగాలా వద్దా అని తూగుతున్న ఆస్ట్రియాకు ఈ వార్త ధైర్యమిచ్చింది. ఆగస్టులో అది నెపోలియన్ శత్రువులతో చేరింది.

పిరనీస్ కనుమల్లో సూల్ట్ చేసిన ఎదురుదాడులు ఫలించలేదు. ఆగస్టు 31న సాన్ సెబాస్టియన్ పడింది. బదహోజ్ ఘోరం అక్కడా పునరావృతమై పట్టణం కాలిపోయింది. టోర్రెస్ వెద్రాస్ రేఖలు కట్టిన ఫ్లెచర్ ఆ ముట్టడిలోనే చనిపోయాడు. అక్టోబరు 7న మిత్రసేన బిదసోవా నదిని దాటి ఫ్రాన్స్ నేల మీద కాలు పెట్టింది. 1814 ఏప్రిల్ 10న తులూస్ దగ్గర చివరి పెద్ద యుద్ధం జరిగింది. నాలుగు రోజుల ముందే నెపోలియన్ గద్దె దిగాడు. ఆ కబురు అందేలోపు వేలమంది చనిపోయారు, గాయపడ్డారు.

మిగిలింది

ఈ యుద్ధంలో ఫ్రాన్స్ రెండు నుంచి మూడు లక్షల మందిని పోగొట్టుకుందని అంచనా. స్పెయిన్, పోర్చుగల్ ప్రజల మరణాలు కూడా లక్షల్లోనే ఉన్నాయి. ఊళ్లు బూడిదయ్యాయి, గొర్రెల మందలు, మగ్గాలు, మరలు పోయాయి. సెయింట్ హెలెనా దీవిలో బందీగా ఉన్న రోజుల్లో, తన పతనానికి మూలం స్పెయిన్ యుద్ధమేనని నెపోలియన్ ఒప్పుకున్నాడు. వెల్లింగ్టన్ 1815 జూన్ 18న వాటర్లూ దగ్గర అతన్ని చివరిసారిగా ఓడించాడు.

రక్తం చిందించిన ప్రజలకు దక్కింది తక్కువ. 1814లో తిరిగి వచ్చిన ఫెర్నాండో కాడిజ్ రాజ్యాంగాన్ని రద్దు చేసి, దాన్ని రాసినవారిని చెరసాలల్లో వేయించాడు. అతని సింహాసనం కోసం ఆరేళ్లు కొండల్లో పోరాడిన ఎల్ ఎంపెసినాడో రాజ్యాంగం పక్షాన నిలిచినందుకు 1825లో ఉరికంబం ఎక్కాడు. రాజు లేని కాలంలో తమను తాము ఏలుకోవడం రుచి చూసిన లాటిన్ అమెరికా వలసలు ఒక్కొక్కటిగా స్పెయిన్ నుంచి విడిపోయాయి. పోర్చుగల్ రాజకొలువుకు నీడనిచ్చిన బ్రెజిల్ 1822లో స్వతంత్ర దేశమైంది.

ఈ గెలుపును ఒక్కరి ఖాతాలో వేయలేం. వెల్లింగ్టన్ సేన ఒక్కటే ఉంటే మూడు లక్షల ఫ్రెంచి సైన్యం దాన్ని ముంచేసేది. గెరిల్లాలు మాత్రమే ఉంటే పల్లెలు ఒక్కొక్కటిగా బూడిదయ్యేవి. బ్రిటిష్ ఓడలు, పోర్చుగల్ రైతుసైనికులు, ఓడినా మళ్లీ కూడిన స్పానిష్ సేనలు, లొంగని కాడిజ్, గింజ దాచిన ఊళ్లు, ఉత్తరం పట్టిచ్చిన కాపరులు అందరూ కలిస్తేనే ఆ సామ్రాజ్యం వెనుదిరిగింది.